చెకింగ్ దగ్గర ఆగిన తైలం

మా సంఘంలో ఎవరు విమానం ఎక్కాలన్నా ముందు నా దగ్గరికి వచ్చేవాళ్ళు. మా దిక్కు నుంచి బొంబాయికో పుణెకో బస్సెక్కి పోయేవాళ్ళే ఎక్కువ. గల్ఫ్ దాకా పోయినవాళ్ళు కొద్దిమంది. ఆ కొద్దిమందిలో నేనొకణ్ణి. మస్కట్‌లో పదకొండేళ్ళు పైపుల పని చేసి ఊరికి తిరిగి వచ్చాను. వచ్చాక సంఘం నన్ను పెద్దగా నిలబెట్టింది. ఆదివారం వాక్యం చదివే నోటితోనే సోమవారం బెల్టు ఎక్కడ తీయాలో, పాస్‌పోర్టు ఏ జేబులో ఉండాలో, చెకింగ్ వాళ్ళు అడిగితే ఏం చెప్పాలో నేర్పేవాణ్ణి. నా మాట విని పోయినవాళ్ళెవరూ అక్కడ ఇబ్బంది పడలేదు. ఆ సంగతి నాలో నేను చాలాసార్లు చెప్పుకున్నాను. ప్రభువు ముందు మోకరించినప్పుడు కూడా ఆ గొప్ప నా మనసులో ఓ మూల కూర్చునే ఉండేది.

పోయినేడు పత్తి ఏరుతున్న రోజుల్లో ఒక చెల్లెకు మస్కట్ నుంచి ఫోన్ వచ్చింది. చెల్లె అని పిలుస్తానే గాని మాకు రక్తసంబంధం లేదు. కృష్ణ ఒడ్డున ఒకే దినం బాప్తిస్మం తీసుకున్నాం, అంతే. ఆమె భర్త అక్కడ భవనాల పనిలో ఉన్నాడు. పరంజా మీది నుంచి పడ్డాడు. తలకు దెబ్బ తగిలింది. కండ్లు తెరవడం లేదు, మిషన్ మీద ఊపిరి ఆడుతోంది. ఇంటి నుంచి ఒక మనిషి వచ్చి చూసిపోవచ్చు, టికెట్టు, వీసా మేమే చూస్తామని కంపెనీ వాళ్ళు చెప్పారు. ఆమెకు పాస్‌పోర్టు ఉంది. ఇండ్లల్లో పనికి తానూ పోదామని ఎప్పుడో తీయించుకుంది. భర్త వద్దన్నాడు. గద్వాల దాటి కర్నూలు దాకా తప్ప ఆమె ఎక్కడికీ పోయిన మనిషి కాదు.

మా సంఘంలో ఒక అలవాటు ఉంది. ఎవరైనా చావుబతుకుల్లో ఉంటే ప్రతి ఇంటి నుంచి ఒక చిన్న చెంచా పల్లి నూనె తెస్తారు. అందరి నూనె ఒకే సీసాలో పోసి, శుక్రవారం ఉపవాస ప్రార్థనలో ఆ సీసాను చేతి నుంచి చేతికి అందిస్తాం. ఒక్కొక్కరు దాన్ని రెండు చేతులా పట్టుకొని, తమకు వచ్చిన మాటల్లో ప్రార్థన చేసి పక్కవాళ్ళకు ఇస్తారు. చివరి చేయి దాటాక ఆ నూనెను ఇంకో సీసాలోకి వంపరు. చేతులు పడింది ఈ సీసా మీద కదా అంటారు. రోగికి నూనె రాసి ప్రార్థించమని వాక్యంలో ఉంది గాని, సీసా మార్చొద్దని ఎక్కడా లేదు. అది నాకు తెలుసు. మా తాతల నాటి అలవాటు కాబట్టి ఎప్పుడూ అడ్డు చెప్పలేదు. మామూలుగా సంఘ పెద్దలే పోయి నూనె రాస్తారు. ఈసారి రోగి సముద్రం అవతల ఉన్నాడు. పాస్టరయ్య వనపర్తిలో ఉంటాడు, వారం విడిచి వారం మా ఊరికి వస్తాడు. ఆయన ఫోన్లో, "ఆ బిడ్డనే రాయనియ్యి, ఆమె చెయ్యే మన అందరి చెయ్యి," అన్నాడు.

సీసా మా ఇంటిదే. టానిక్కు అయిపోయిన పెద్ద గాజు సీసా, కడిగి ఎండబెట్టింది. చేతి బ్యాగులో వంద మిల్లీలీటర్ల కన్నా ఎక్కువ నీళ్ళైనా నూనైనా పోనియ్యరని నాకు తెలుసు. అందుకే ఇరవై ఇండ్ల నూనెను టానిక్కు మూతతో కొలిచి పోశాను. ఆరు మూతలు వచ్చింది. మూతకు పది, మొత్తం అరవై. సీసాలో అడుగు నుంచి రెండు వేళ్ళ ఎత్తు కూడా లేదు. శుక్రవారం ఆ సీసా ఇరవై ఇండ్ల చేతులు తిరిగింది. పత్తి ఏరి గోళ్ళ చుట్టూ పగిలిన చేతులు. కొందరు ఏడ్చారు. చెల్లె చేతికి వచ్చినప్పుడు ఆమె సీసాను నొసటికి ఆనించుకొని కూర్చుంది.

శనివారం చర్చిలోనే ఆమెకు చెకింగ్ నేర్పించాను. బెంచీలు రెండు కలిపి అదే బెల్టు అన్నాను. సంఘమంతా కలిసి తినే ప్రేమ విందులో అన్నం వార్చే ప్లాస్టిక్ టబ్బు తెచ్చి అదే ట్రే అన్నాను. వెనక గది గుమ్మం మెటల్ డిటెక్టర్. చూడడానికి పది మంది ఆడవాళ్ళు వచ్చారు. అందరికన్నా ముందు పెద్దమ్మ కూర్చుంది. సంఘంలో వయసుకు పెద్దది. నోటికి కూడా.

"ముందుగాల ఒంటి మీద ఇనుము ఏమున్నదో చూస్కో చెల్లె," అన్నాను.

గాజులకు తగిలించిన పిన్నీసులు ఒక్కొక్కటే తీసింది. తలలోంచి పిన్నులు, కొంగు ముడిలోంచి ఇంటి తాళం చెవి.

"ఓయమ్మ, గింత ఇనుము మోస్తున్నవానే? పాత సామానోనికి ఏస్తె తులం తరుగు లేకుండ ఉల్లిగడ్డలిస్తడు," అంది పెద్దమ్మ.

"మట్టెలు గూడ తియ్యాల్నా అన్నా?"

"ఉండని. కూత పెడితే చేతి మిషన్ తోని చూస్తరు. ఆడపోలీసే చూస్తది, పర్దా ఎనక."

"పుస్తె?"

"అది గూడ ఉండని."

"ఇప్పుమంటే?"

"ఇప్పుమనరు."

"ఇప్పుమన్నా ఇప్ప. ఆయన ఇంక ఉన్నడు," అంది.

తర్వాత గుమ్మం దాటి పీట మీద నిలబడి చేతులు రెండు పక్కలకు చాపమన్నాను. ఆమె చేతులు పైకెత్తింది. కండ్లు మూసుకుంది. స్తోత్రం, స్తోత్రం అని పెదవులు కదిలాయి.

"ప్రార్థన గాదే పిచ్చిదాన, చెకింగ్!" అని అరిచింది పెద్దమ్మ. "నువ్వు గట్ల కండ్లు మూసి నిలవడితే ఎనకోళ్ళ విమానం గూడ పోతది."

అందరూ నవ్వారు. చెల్లె కూడా నవ్వింది. మళ్ళీ చేతులు ఎత్తింది, ఈసారి కండ్లు తెరిచి. నాలుగు సార్లు చేయించాను. ఫోను, తాళం, చిల్లర అన్నీ ట్రేలో. పాస్‌పోర్టు, బోర్డింగ్ పాసు చేతిలో. ఎవరు ఏమడిగినా పరేషాన్ కాకు, నవ్వకు, ఏడవకు. ఆమె అన్నిటికీ మంచిదన్న అంది. పోయే ముందు సీసా చేతిలోకి తీసుకొని చూసింది.

"అన్నా, సీసా జర పెద్దగున్నది. చిన్నదాంట్ల పోసుకుందామా?"

"చేతులు వడ్డది దీని మీద గద చెల్లె. నూనె వంద లోపే ఉన్నది, ఏం కాదు."

"పెద్ద బ్యాగుల బట్టల నడుమ వెడితే?"

"వాళ్ళు బ్యాగులు ఎత్తేసే తీరు నువ్వు చూడలే. గాజుది, పల్గుతది. చేతి బ్యాగులనే ఉండని."

ఆమె రెండు సార్లు అడిగింది. రెండు సార్లూ నేనే జవాబు చెప్పాను.

సోమవారం పొద్దున గద్వాలలో బస్సెక్కాం. ఎర్రవల్లి, పెబ్బేరు దాటేదాకా ఆమె కిటికీలోంచి బయటికి చూస్తూనే ఉంది. చేతి బ్యాగు ఒడిలోంచి దించలేదు. కొత్తకోటలో బస్సు ఆగినప్పుడు కూతురు ఫోన్ చేసింది. ఆ పిల్ల వనపర్తిలో హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. ఫోన్ గట్టిగా పలుకుతుంది, నాకూ వినపడింది. "అమ్మా, నాయినకు నా పేరు మీద గూడ రాయి. నొసటికి రాయి. మర్వకు." చెల్లె, "రాస్త బిడ్డా, మొదలు నీదే రాస్త," అంది.

శంషాబాద్‌లో దిగి విమానాశ్రయం దాకా పోయాం గాని గుమ్మం దగ్గర నన్ను ఆపారు. టికెట్టు లేనివాళ్ళకు లోపలికి దారి లేదు. అది నాకు ముందే తెలుసు. అద్దం ఇవతల నిలబడి, ఆమె లైన్లో నిలబడడం, పెద్ద బ్యాగు ఇచ్చి కాగితం తీసుకోవడం చూశాను. ఒకసారి తిరిగి నా దిక్కు చూసి చేయి ఎత్తింది. తర్వాత జనంలో కలిసిపోయింది. నేను బయట సిమెంటు గట్టు మీద కూర్చొని ప్రార్థన మొదలుపెట్టాను. అది సగంలో ఉండగా ఫోన్ మోగింది.

"అన్నా, సీసా ఆపిండ్రు."

"ఎందుకు? వంద లోపే ఉన్నదని చెప్పు."

"ఏమంటుందో తెల్వట్లే. హిందీల అంటుంది."

"ఫోన్ ఆమెకియ్యి."

ఆ ఆఫీసరమ్మ మర్యాదగానే మాట్లాడింది. లోపల నూనె ఎంతుందని మేం చూడం, సీసా ఎంత పెద్దదన్నదే చూస్తాం అంది. గాజు మీదనే రెండు వందలని అచ్చు ఉందట. ఏళ్ళ తరబడి ఊరందరికీ నేర్పినవాణ్ణి, ఆ సంగతి నాకు తెలియదు. ఇది మందు అన్నాను. మందైతే డాక్టరు చీటీ చూపించాలి అంది. ప్రార్థన చేసిన నూనె అమ్మా, చావుబతుకుల్లో ఉన్న భర్తకు రాయడానికి తీసుకుపోతోంది అన్నాను. "దేనికైనా ఇదే కొలత, భాయ్‌సాబ్," అంది. గొంతులో కఠినం లేదు. కావాలంటే వెనక్కి పోయి, పాస్‌పోర్టు మీద స్టాంపు వేసినవాళ్ళను అడిగి, కౌంటర్ దగ్గర లగేజీలో వేయించుకొని రావచ్చు, సమయం మాత్రం ఎక్కువ లేదు అని చెప్పి ఫోన్ చెల్లెకు ఇచ్చింది.

విమానం గేటు మూయడానికి ఇంకా ముప్పావుగంట ఉంది. నేను అక్కడ కూర్చొని లెక్క వేశాను. హిందీ రాదు. ఇంగ్లీషు రాదు. వెనక్కి పోతే దారి తప్పుతుంది. విమానం పోతే ఆ మనిషిని చూడనే చూడదు.

"వదిలేయ్ చెల్లె," అన్నాను. "ప్రభువుకు నూనె అక్కర్లేదు. ఉత్త చెయ్యి పెట్టి ప్రార్థన చెయ్యి."

ఫోన్లో ట్రేలు ఒకదానికొకటి తగిలే చప్పుడు వినపడుతోంది. ఆ చప్పుళ్ళ నడుమ, "మంచిదన్న," అంది.

తిరుగు బస్సు జడ్చర్ల దగ్గర ఆగినప్పుడు నాకొకటి గుర్తొచ్చింది. అపొస్తలుని ఒంటికి తగిలిన గుడ్డలు తీసుకుపోయి రోగుల మీద వేస్తే వాళ్ళు బాగుపడ్డారని వాక్యంలో ఉంది. దాని మీద నేనే మా సంఘంలో మూడు సార్లు చెప్పాను. సీసా వదిలేసే ముందు కొంగు అంచుకు రెండు చుక్కలు అద్దుకో అని ఒక్క మాట అంటే అయిపోయేది. దానికి కొలత లేదు. తడిసిన కొంగును ఎవరూ ఆపరు. వెంటనే ఫోన్ చేశాను. స్విచ్చాఫ్ అని వచ్చింది. అన్నేళ్ళు చదివిన వాక్యం, కావలసిన ముప్పావుగంటలో నా దగ్గరికి రాలేదు. బస్సు కదిలింది. పక్క సీటాయన పల్లికాయలు ఒలుచుకుంటూ నాకు కొన్ని ఇచ్చాడు. చేతిలోనే పట్టుకొని కూర్చున్నాను.

ఆ ఆదివారం ప్రార్థన మొదలుకాక ముందే పెద్దమ్మ నన్ను ఆపింది.

"నూనె ఆయన కాడికి చేరిందా కొడుకా?"

వెనక ఇరవై ఇండ్ల వాళ్ళు నా ముఖం చూస్తున్నారు. వాళ్ళలో కొందరు శుక్రవారం నుంచి ఒక పూట కూడు మానేసి ఉన్నారు. వాళ్ళ ఆశ విరగ్గొట్టడం ఎందుకనుకున్నానని తర్వాత నాకు నేను చెప్పుకున్నాను. అది సగమే నిజం. నేను నేర్పింది తప్పని పది మందిలో ఒప్పుకోలేకపోయాను.

"చేరింది," అన్నాను.

స్తోత్రం అన్నారు అందరూ. ఆ రోజు వాక్యం నేనే చదివాను.

చెల్లె రెండు సార్లు ఫోన్ చేసింది. దవాఖానలో రోజుకు పది నిమిషాలే లోపలికి పోనిస్తున్నారని, ముఖం వాచి గుర్తుపట్టేటట్టు లేడని, చెయ్యి మాత్రం ఆయనదేనని చెప్పింది. నూనె మాట ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. ఆమె పోయిన ఎనిమిదో రోజు ఆయన పోయాడు. కాగితాల పనంతా అయి శవపేటికతో చెల్లె శంషాబాద్‌కు రావడానికి ఇంకా కొన్ని దినాలు పట్టింది. మా ఊరి చేన్ల పక్కన సమాధి చేశాం. పాస్టరయ్య పునరుత్థానం గురించి చెప్పాడు. నేను నమ్ముతాను. అప్పుడూ నమ్మాను. అయినా మట్టి వేస్తున్నప్పుడు ఆ కూతురు ముఖం దిక్కు చూడలేకపోయాను.

మాటలు పత్తి చేన్లో మొదలయ్యాయి. మా ఇంటామె కూలికి పోయి విని వచ్చింది. ఇరవై ఇండ్ల ప్రార్థన చేసిన నూనె చేరింది కదా, మరి ఎందుకు లేవలేదు? ప్రభువు తప్పడు. అయితే రాసిన చేతిలోనే విశ్వాసం తక్కువ. అనుమానపడుకుంట రాసి ఉంటది అన్నారు కొందరు. మనసులో ఏదో పాపం దాచుకొని రాసిందన్నారు ఇంకొందరు. సాళ్ళ నడుమ అందరూ వినేటట్టు పెద్దమ్మ, "దేవుని నూనె గూడ చేతిని బట్టే పనిచేస్తదే," అని అందట.

"చెల్లె ఏమన్నది?" అని అడిగాను.

"ఏం అన్లే. పత్తి ఏరుకుంట పాయె," అంది మా ఇంటామె. ఆమెకు కూడా నిజం తెలియదు.

మరునాడు చెల్లె ఇంటికి పోయాను. వాకిట్లో కూర్చొని బియ్యం చెరుగుతోంది. మెడలో పుస్తె లేదు. కొల్లాపూర్ దిక్కు నుంచి వచ్చిన వాళ్ళమ్మ లోపల పడుకొని ఉంది.

"చేన్ల ఆళ్ళన్న మాటలు విన్న చెల్లె. నూనె చేరలేదని నువ్వు ఎందుకు చెప్పలే?"

ఆమె చాట ఆపింది.

"చేరిందని నువ్వు సంఘంల చెప్పినవంట గదన్నా. నేను లేదంటే నువ్వు అబద్ధీకునివైతవు. వాక్యం చదివేటోనివి."

"నన్ను నిలదియ్యాల్సింది."

"నేనొచ్చి ఇరవై దినాలాయె, నువ్వు వస్తవేమో అని చూస్తున్న," అంది. మళ్ళీ చెరగడం మొదలుపెట్టింది. రాళ్ళు ఏరి పక్కన పెడుతోంది. నేను కూర్చోలేదు. ఆమె కూర్చోమనలేదు.

ఆ ఆదివారం పాస్టరయ్య వచ్చే వారం. ఎవరి అనుభవం వాళ్ళు చెప్పుకునే సాక్ష్యాల సమయంలో లేచి నిలబడ్డాను. చెప్పాను. సీసా కొలత నాకు తెలియలేదని, చిన్న సీసాలో పోద్దామని ఆమె అడిగితే వద్దన్నది నేనేనని, నూనె శంషాబాద్‌లోనే ఆగిపోయిందని, చేరిందని మీ ముందు అబద్ధం చెప్పానని. నేను ఊహించుకున్నది ఏమిటంటే, తిడతారు, పెద్దరికం తీసేస్తారు, చెల్లె మీది మాట పోతుంది. పెద్దరికం పోయింది. తీసేయకముందే నేనే వద్దన్నాను. కాని మాట పోలేదు, ఇంకో దిక్కుకు తిరిగింది.

"అట్లయితే నూనె లేకనే పాయె గద మనిషి," అంది పెద్దమ్మ. "చేరుంటే లేస్తుండె."

ఔనన్నట్టు కొన్ని తలలు ఊగాయి. అప్పుడు చెల్లె లేచింది. ముసుగు సర్దుకుంది.

"పెద్దమ్మా, నేను పోయిన్నాడే డాక్టరు చెప్పిండు. తెలుగోడే. లోపల ఏం మిగల్లేదమ్మా, మిషన్ తీసేదాంక చూస్కో అన్నడు. నేను మీకు చెప్పలే. మీరంత ఉపాసముంటిరి. ఆయన లేస్తడని నేను నూనె తీస్కపోలే. ఇరవై ఇండ్లోళ్ళు చేతులు పెట్టిండ్రని ఆయనకు తెల్వాలని తీస్కపోయిన. ఏడేండ్లు ఆడ ఒక్కడే ఉన్నడు. పోయేటప్పుడన్న ఒక్కడు గావద్దని."

ఆమె కూర్చుంది. పాస్టరయ్య కండ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఒక కీర్తన ఎత్తుకున్నాడు. అందరూ పాడారు. పెద్దమ్మ పాడలేదు, కింద చాప మీద గీతలు గీస్తూ కూర్చుంది.

ప్రార్థన అయ్యాక చెల్లె రోడ్డు మీద గద్వాల ఆటో కోసం నిలబడింది. కూతుర్ని చూడడానికి వనపర్తి పోతోంది. నేను దగ్గరికి పోయి క్షమించమని అడిగాను. క్షమించానంది. వాక్యం నేర్పినట్టు, ఆలస్యం చేయకుండా అంది. ఆ తర్వాత రోడ్డు దిక్కు చూస్తూ మెల్లగా చెప్పింది.

"ఆ దినం ఎన్కకు పోయి పెద్ద బ్యాగుల పెట్టి రాపో అంటే నేను పోదును అన్నా. దోవ నాకు గుర్తున్నది. స్టాంపు గొట్టినామె తెలుగామెనే, పేరు గూడ అడిగింది. విమానం గూడ గంట ఆల్సమైంది. ఆడ కుర్చీల ఉత్తగ కూసున్న."

"నాకెందుకు చెప్పలే చెల్లె?"

"నువ్వు వదిలేయ్ అంటివి గద. నీకు తెలుస్తదనుకున్న."

ఆటో వచ్చింది. అప్పటికే నిండా జనం ఉన్నారు. డ్రైవరు పక్కన కొంచెం జాగా చూపించాడు. ఆమె ఎక్కి, కొంగు చక్రానికి తగలకుండా ఒడిలోకి లాక్కుంది.